సరుకు పదిహేను కిలోలు, వాహకం ఒకటి

లెక్క 309, మంగళవారం

ఈ పుస్తకం పరిశోధన సంస్థ వాళ్ళది. ప్రతి పేజీలో అయిదు సరుకుల పేర్లు, కట్టకు ఈ పక్క ధర, ఆ పక్క ధర, దాటిన జనం, చివర గమనికలకు వేలెడంత గడి. "అందులో రెండు మాటలు మించకూడదు జకరయ్యగారూ, గణకయంత్రం చదవలేదు" అని సంస్థ పరిశోధకురాలు వైజయంతిగారు మొదటిరోజే చెప్పారు. రెండు మాటలతో సరిపెట్టుకోగలిగితే నేను బోధకుణ్ణెందుకవుతాను? అందుకే పేజీల వెనకవైపు రాసుకుంటున్నాను. అటువైపు గణకం చూడదు. దేవుడు చూస్తాడు, చాలు.

పొద్దున ఏడింటికి కట్టలోని లాకు తెరిచారు. సముద్రపు నీళ్ళను ఆపే ఈ కట్టకు ఇటు మా లంక, అటు మెరక దేశం. నూట నలభై మంది ఆడవాళ్ళు, నూట నలభై బుట్టలు. బుట్ట కింద పెట్టకూడదు, లంక నేలలో ఉప్పు ఉంది, అడుగుకి అంటుకుని మెరక దేశంలోకి వస్తుందంటారు. కాబట్టి తమ వంతు వచ్చేదాకా నెత్తిన మోస్తూనే నిలబడాలి. ముప్పై ఆరు మెట్లెక్కాక లాకు కన్ను ముందు ఆగాలి. ఆ కన్ను ముందు బుట్టను చూస్తుంది, తర్వాతే మనిషిని. పైనున్న పలక మీద అక్షరాలు వెలుగుతాయి: సరుకు ఎండు రొయ్యలు, పదిహేను కిలోలు. వాహకం ఒకటి.

వాహకం అంటే నా భార్య సువార్తమ్మ.

పదిహేను కిలోల సరుకు లేనిదే లంకలో పుట్టిన మనిషి మెరకలో కాలు పెట్టకూడదు. దాటే హక్కు రొయ్యలకుంది, మా ఆవిడకు లేదు. సముద్రం మా నూతుల్లోకి వచ్చిన తర్వాత ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు మెరక ఆసుపత్రిలో డయాలసిస్. మూడేళ్ళుగా బుట్ట మోస్తూ పోతోంది, అమ్ముకుని, రక్తం కడిగించుకుని, బియ్యం మోసుకుని సాయంత్రం లాకు మూసేలోగా వస్తోంది. నేను ధరల గుమస్తాను కాబట్టి బుట్ట లేకుండా చీటి మీద దాటుతాను. అబద్ధమాడడని పేరుండబట్టి నాకీ పని ఇచ్చారు.

ఎండు రొయ్యలు కిలో: లంకలో నాలుగు నీటిబిళ్ళలు, మెరకలో పదకొండు. బియ్యం కిలో: లంకలో తొమ్మిది, మెరకలో మూడు. ఒక బిళ్ళకు ఒక బిందె మంచినీళ్ళు, అది రెండు పక్కలా ఒకటే.

సంఖ్యలు అప్పజెప్పేటప్పుడు వైజయంతిగారిని అడిగాను. "అమ్మా, ఆరేళ్ళుగా రాస్తున్నాను. వీటితో ఏం చేస్తారు?"

"కట్ట మందం కొలుస్తాం."

"దానికి నన్నడగడమెందుకు, తాడు పట్టుకుంటే తెలుస్తుంది. నలభై అడుగులు."

ఆమె నవ్వింది. ముప్పై దాటని మనిషి, కళ్ళకింద మాత్రం నా వయసుంది. "అడ్డేమీ లేని చోట ధరల్లో ఇంత తేడా రావాలంటే రెండు ఊళ్ళ మధ్య ఎంత దూరముండాలో గణకం లెక్క కడుతుంది. ఈ వారం లెక్క ప్రకారం మీ బజారుకీ మా బజారుకీ మధ్య ఆరువందల ఇరవై కిలోమీటర్లు."

మెరక బజారులో ఆదెమ్మ కొట్టు నుంచి చూస్తే లంకలోని మా ప్రార్థన కంటైనరు మీది సిలువ కనిపిస్తుంది. ఆరువందల ఇరవై కిలోమీటర్లట. ఇంటికొచ్చేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆదివారం

మా సంఘం కట్టకు రెండు పక్కలా ఉంది. కట్ట పోయక ముందు ఒకే సంఘం, ఇప్పుడూ ఒకటే. ఆదివారం లాకు తెరవరు. నేను లంక పక్క గట్టు కింద నిలబడి చెబుతాను, మైకు పెట్టెలు రెండు అటువైపు తిప్పుతాం, మెరక వాళ్ళు అటు గట్టు కింద కూర్చుని వింటారు. వాళ్ళ ముఖాలు నాకు కనపడవు. ఆమెన్ అన్నది మాత్రం వినపడుతుంది.

ఈ రోజు నేను అగ్గి కురిపించాను. దేవుడు ఒకడే, కిలో ఒకటే, నీటిబిళ్ళ ఒకటే, అయినా కట్టకు ఇటు ఒక ధర, అటు ఒక ధర. సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు పెట్టుకున్నవాడు ఆయనకు అసహ్యుడని గ్రంథం చెబుతోంది, ఈ కట్ట ఆ సంచి కాదా అని అడిగాను. కట్ట పోయించిన పాలకులనుద్దేశించే అన్నాను. చెయ్యి కట్ట వైపే చాపాను. కానీ జనం ఎప్పుడూ తమ పాపాన్నే వెతుక్కుంటారు. లంకలో రొయ్యలమ్మే తాతబ్బాయి లేచి, ఇంతకాలం తాను రెండు ధరల సంతలో భాగమయ్యానని, క్షమించమని అడిగాడు. కట్ట అవతలి నుంచి ఆదెమ్మ గొంతు: "నేనూనండి."

రాళ్ళు పెట్టారు. మా సంఘంలో వాక్యం గుచ్చుకున్నవాడు గట్టు కింద ఒక రాయి పెడతాడు. రాయి పెట్టి చెప్పిన మాట తీసుకోవడం మాకు తెలీదు. ఆ మాట మీద మనుషులు అన్నదమ్ముల్ని వదులుకున్నారు, సారా వదులుకున్నారు. ఈ రోజు ఇటు ఇరవై ఏడు రాళ్ళు లెక్కపెట్టాను. అటు ముప్పై పైనే అని అరిచి చెప్పారు.

ఇలాంటి రోజు నాకు పదేళ్ళలో లేదు.

లెక్క 310, మంగళవారం

ఎండు రొయ్యలు: లంకలో ఏడు, మెరకలో ఏడు. బియ్యం: లంకలో ఆరు, మెరకలో ఆరు.

ఆదెమ్మ కొట్టు ముందు నిలబడి రెండోసారి అడిగాను.

"ఏడేనండి. మీరే గదా చెప్పారు. తాతబ్బాయీ నేనూ లాకు ఫోనులో మాట్లాడుకున్నాం. ఆయన మూడు పెంచాడు, నేను నాలుగు దించేను. బియ్యం కూడా అలాగే. మా ఆయన నన్ను తిట్టేడు. తిట్టనీండి, రాయి పెట్టేను."

కళ్ళు తుడుచుకున్నాను. గమనికల గడిలో రాశాను: "ప్రజలు మారారు." రెండే మాటలు.

లెక్క 311, మంగళవారం

ఏడు, ఏడు. ఆరు, ఆరు.

లాకు దగ్గర యాభై ఒక్కమంది. నేనే తప్పు లెక్కపెట్టాననుకుని మళ్ళీ లెక్కపెట్టాను. యాభై ఒకటే.

సాయంత్రం సువార్త చేతికి పట్టీతో వచ్చి గోడకానుకుని కూర్చుంది. మంచినీళ్ళిచ్చాను. అరగ్లాసే. అంతకన్నా తాగకూడదు.

"మిగతా వాళ్ళేరీ?" అన్నాను.

"ఎవరు?"

"మోసేవాళ్ళు."

ఆమె నా వంక అదోలా చూసింది. "ఏమండీ, మీకు నిజంగా తెలీదా? ఇక్కడ ఏడుకి కొని అక్కడ ఏడుకి అమ్మితే మోసినదానికి ఏం మిగులుతుంది? పైగా లాకు సుంకం ఇరవై. రత్నకుమారి, వాళ్ళ తోటికోడలు, ఆ వరసంతా మానేసి తాడు పేనుకుంటున్నారు. నాకైతే ఆసుపత్రి ఉంది కాబట్టి చేతి డబ్బు పోసి మోస్తున్నాను."

"మరి మొన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. ఎలా చెప్పమంటారు?" గ్లాసు పక్కన పెట్టి అంది, "ఆ తేడా మీకు పాపంలా కనిపించింది. మాకది కూలి."

ఆ మాట తర్వాత నేను అన్నం తినలేదు. గ్రంథం తీశాను. చేను కోసేవాడు మూలలు కోయకుండా వదలాలి, రాలిన కంకులు ఏరుకోకూడదు, ఆ పరిగె బీదవాడిదీ పరదేశిదీ అని ఉంది. ఇరవైసార్లు దాని మీద ప్రసంగించాను. నాలుగుకీ పదకొండుకీ మధ్య రాలి ఉన్నది పరిగె. మూలలు వదలమని చెప్పాల్సిన నోటితో నేను మూలల దాకా కోయించాను.

శుక్రవారం

వైజయంతిగారు పిలిపించారు. ఆమె బల్ల మీద గణకం అచ్చువేసిన కాగితం ఉంది.

"ఏం జరిగింది అక్కడ?"

"ఎక్కడమ్మా?"

"రెండు వారాలుగా ధరలు ఒకటే. పోయిన వారం సంఖ్యలు కాపీ కొట్టారేమో అనుకునేదాన్ని. మీరు కాబట్టి అనుకోలేదు. కట్ట మందం సున్నా అని వచ్చింది."

నాలో ఎక్కడో వెర్రి ఆశ లేచింది. "సున్నా అంటే కట్ట లేనట్టే గదమ్మా. ఇక తీసేస్తారా?"

ఆమె కాగితం నా వైపు తిప్పింది. "ధరల్లో తేడా లేకపోవడానికి రెండు కారణాలుండొచ్చు జకరయ్యగారూ. అడ్డు లేకపోవడం ఒకటి. ఒకరితో ఒకరికి పని లేకపోవడం రెండోది. జనం దండిగా దాటుతూ ధరలు కలిస్తే గణకం మొదటిది అనుకునేది. దాటేవాళ్ళు మూడోవంతుకు పడిపోయారు. అందుకని రెండోది అనుకుంది."

"అనుకుంటే?"

"లాకు తెరిచిన ప్రతిసారీ ఉప్పునీళ్ళు మెరక కాలువలోకి ఎక్కుతాయి. నిరుడు నాలుగువేల ఎకరాల నారు మాడింది. లాకు ఎందుకుంచాలో చెప్పమని రైతులు ఏటా అడుగుతారు. రెండు పక్కలకూ లాభముందని మేం మీ సంఖ్యలే చూపిస్తాం. వరసగా నాలుగు లెక్కలు ఇలాగే వస్తే అవసరం లేదని తేలినట్టు. లాకులో కాంక్రీటు పోస్తారు. రెండయ్యాయి."

లాకు పోతే దగ్గర్లో మరో దారి లేదు. పడమట ఉన్న లాకుకి పడవ మీద నాలుగు రోజులు. సువార్తకు డయాలసిస్ రెండు రోజులు తప్పితేనే కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక కూర్చునే నిద్రపోతుంది. వైజయంతిగారికి ఆ సంగతి తెలుసు. అందుకే తల దించుకుని, "ధరలు వాటంతటవే మళ్ళీ విడిపోతాయేమో చూద్దాం" అంది.

వాటంతటవి కలవలేదని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆదివారం

ఈ రోజు నిప్పు లేదు, బతిమాలడమే. పరిగె వాక్యం ఎత్తుకున్నాను. మోసేవాళ్ళకు ఎంతో కొంత వదలండి, ధరల్లో తేడా ఉండనివ్వండి, లేకపోతే లాకు మూస్తారని చెప్పాను.

కట్ట అవతల చప్పుడు లేదు. ఇటు తాతబ్బాయి లేచాడు. అరవై ఏళ్ళ మనిషి, బొజ్జ ముందు నడుస్తుంటే వెనక తాను నడుస్తాడు.

"అయ్యగారూ, పోయిన్నెల్లో పాపమన్నారు. ఈ నెల్లో పుణ్యమంటున్నారు. వచ్చే నెల్లో ఏటంటారో ముందే చెప్పేత్తే రాయి పెట్టకుండా ఊరుకుంటాం గదండి."

జనం నవ్వారు. నేనూ ఆ స్థానంలో ఉంటే నవ్వేవాణ్ణి.

"నీకు నాలుగు వచ్చేచోట ఏడు వస్తోంది తాతబ్బాయీ. నీ రాయికి బరువెక్కువే" అన్నాను. అనకూడని మాట.

"అలాగంటారా? ఆదెమ్మకి పదకొండు పోయి ఏడొత్తంది. ఆవిడ రాయి మాటేటండి? నాకు లాభమొచ్చిందని వాక్యం అబద్ధమైపోద్దా? మీ ఇంటావిడ ఆసుపత్రికెళ్ళాలని వాక్యం తిరగేత్తన్నారని మేమంటే మీకెలాగుంటాది?"

ఎలా ఉంటుందో తెలిసింది. మైకు ఆపేశాను.

లెక్క 312, మంగళవారం

ఏడు, ఏడు. ఆరు, ఆరు. దాటినవాళ్ళు ఇరవై ఇద్దరు. మూడయ్యాయి.

మెట్ల మీద సువార్త రెండుచోట్ల ఆగింది. వెనకున్నావిడ బుట్టకు చెయ్యి ఆనించి పట్టుకుంది. నేను పక్క మెట్ల మీద చీటి పట్టుకుని, చేతులూపుకుంటూ ఎక్కాను.

శనివారం

వచ్చే మంగళవారం లెక్కలో నేను నాలుగు, పదకొండు అని రాస్తే అడిగేవాళ్ళు లేరు. ఆరేళ్ళుగా ఎవరూ సరిచూడలేదు. నేను అబద్ధం రాయనని వాళ్ళ నమ్మకం.

గ్రంథంలో వెతుకుతున్నాను. కోటగోడ మీద కాపురమున్న ఒక స్త్రీ పరదేశులను మిద్దె మీద దాచి, వాళ్ళు వెళ్ళిపోయారని రాజు మనుషులతో చెప్పింది. ఆమె ఇల్లు నిలిచింది. పసిపిల్లల్ని చంపమన్న రాజుకు ఇద్దరు మంత్రసానులు కథ అల్లి చెప్పారు. వాళ్ళకూ దేవుడు మేలే చేశాడు. దొరికాయని సంతోషించాను. వెంటనే భయమేసింది. ముందు పని నిర్ణయించుకుని తర్వాత వాక్యం వెతికే బోధకులను నేను ఎంతమందిని చీల్చి చెండాడలేదు? పైగా ఆ ఆడవాళ్ళు దుర్మార్గుడి ముందు అబద్ధమాడారు. నేను ఆడబోయేది వైజయంతి ముందు.

సువార్త ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదంతా చెప్పాను. ఆమె చేతి పట్టీ సర్దుకుంది.

"రాయమని నేను చెప్పను" అంది. "రాయొద్దనీ చెప్పను. నాకు బతకాలనుంది. అది మాత్రం చెబుతున్నాను. ఆ తర్వాత మీరూ మీ దేవుడూ చూసుకోండి."

"నీ దేవుడు కాదా?"

"నా దేవుడు నన్ను ఇంత చదివించలేదు. అందుకే నిద్రపోతున్నాను." పక్కకు తిరిగి పడుకుంది.

సోమవారం

దొరికింది. గ్రంథంలో కాదు.

పుస్తకంలో రేపటి పేజీకి తేదీ వేద్దామని తెరుస్తుంటే అట్ట ఊడివచ్చింది. అట్ట లోపలివైపు గుమస్తాల నిబంధనలు, పదకొండు వరసలు. గ్రంథంలో ప్రతి అక్షరానికీ అర్థం చెబుతానని మీసం తిప్పేవాణ్ణి, ఆరేళ్ళుగా చంకలో పెట్టుకు తిరుగుతున్న ఈ పుస్తకం అట్ట చదవలేదు. తొమ్మిదో వరస: గుమస్తా తన మాటవల్ల గానీ చేతవల్ల గానీ తాను రాసే ధరను మార్చరాదు. మార్చిన ఎడల ఆ లెక్కలు చెల్లవు. గుమస్తాను తొలగించి, రెండేళ్ళపాటు కట్టకు అర కిలోమీటరు లోపలికి రానివ్వరాదు.

ఆ లెక్కలు చెల్లవు. ఈ ముక్క పదిసార్లు చదివాను. తర్వాతి ముక్క కూడా చదివాను. లాకు మిగులుతుంది. నేను మెరకకు వెళ్ళలేను, ఆసుపత్రి మంచం పక్కన కూర్చోలేను, ఆదివారం గట్టు కింద నిలబడలేను. ముప్పై ఏళ్ళుగా ఉన్న నోరు పోతుంది.

అబద్ధం రాస్తే భార్యా మిగులుతుంది, మైకూ మిగులుతుంది. సైతాను ఎప్పుడూ చవకగానే అమ్ముతాడు.

లెక్క 313, మంగళవారం

ఏడు, ఏడు. ఆరు, ఆరు. దాటినవాళ్ళు పందొమ్మిది మంది.

గమనికల గడిలో రాశాను: "కారణం నేనే."

వైజయంతిగారు ఆ గడి చూసి, తల ఎత్తి, తలుపు వేసి వచ్చింది. జరిగిందంతా చెప్పాను. ప్రసంగం, రాళ్ళు, లాకు ఫోను. ఆదెమ్మ పేరు గానీ తాతబ్బాయి పేరు గానీ చెప్పలేదు.

"ఒక్క ప్రసంగమా?" అంది. "ఆరేళ్ళ నా పరిశోధన ఒక్క ప్రసంగంతో పోయిందా?"

"నలభై నిమిషాలు చెప్పానమ్మా."

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. "ఇది నేను పైకి పంపితే మీకేమవుతుందో తెలుసా?"

"తొమ్మిదో వరస."

"ఆ వరస చదివిన మొదటి గుమస్తా మీరే." కిటికీలోంచి లాకు వైపు చూసింది. "మూడు లెక్కలూ, ఇవాళ్టిదీ కొట్టేస్తారు. కొత్త గుమస్తా వచ్చే వారం మొదటినుంచి మొదలుపెడతాడు. కానీ ఒక మాట వినండి. ధరలు ఇలాగే ఉంటే నాలుగు వారాల్లో మళ్ళీ ఇక్కడికే వస్తాం. అప్పుడు ఎవరూ ఏం చేయలేరు. మీ వాళ్ళ మనసు మీరే మార్చాలి."

"నేను గట్టు దగ్గరికి రాకూడదు గదమ్మా."

ఆమె కాగితం నా ముందుకు జరిపింది. సంతకం పెట్టించుకుంది. చీటి తీసుకుంది. పుస్తకం కూడా తీసుకోబోయి, పేజీల వెనక రాతలు చూసి, చదవకుండా నా చేతికే ఇచ్చేసింది. "రాసిన పేజీలు చించి ముందువైపు నకలు తీస్తాను, అసలు మీ దగ్గరుంచుకోండి" అని, మళ్ళీ తానే, "వద్దు, నకలు కూడా వద్దు. చెల్లని లెక్కకు నకలెందుకు" అంది.

తిరుగు ప్రయాణంలో లాకు కన్ను నన్ను ఆపింది. చేతిలో సరుకు లేదు, చీటి లేదు. పలక మీద ఏమీ వెలగలేదు. కాపలావాడు నన్నెరిగినవాడు కాబట్టి పక్క తలుపు తీసి పంపించాడు.

లెక్క లేదు, ఆదివారం

అర కిలోమీటరు దగ్గర పసుపు రాయి పాతారు. దాన్ని దాటలేదు. గట్టు కింద జనం కూడడం కనిపించింది. మైకు పెట్టెలు రెండూ అటు తిరిగి ఉన్నాయి, గాలి కూడా అటే. ఒక్క మాట వినపడలేదు.

ఇవాళ ఎవరు చెబుతారని నిన్న పెద్దలు మా ఇంటికొచ్చి అడిగారు. నేను పేర్లు ఆలోచిస్తుంటే సువార్త లోపల్నుంచి, "నేను చెప్పనా?" అంది. పెద్దలు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. నాకు నచ్చలేదు. నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. లాకు పోతుందన్న భయంలో కూడా ఆ మైకు ఆమె చేతిలో ఉండటం నాకు నచ్చలేదు.

గంటన్నర ఎండలో నిలబడ్డాను. ఏమంటోందో, తాతబ్బాయి ఏమంటున్నాడో, నవ్వుతున్నారేమో. అటువైపు ఆమెన్ వినపడుతుందేమోనని చెవి రిక్కించాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు.

ఆమె నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏ వాక్యం తీసుకున్నావు?"

"నాకు వాక్యం చెప్పడం రాదు. తాతబ్బాయిగారిని పిలిచి నా బుట్ట ఆయన నెత్తిన పెట్టించాను."

"ఏ బుట్ట?"

"రొయ్యలది. పదిహేను కిలోలు. ఆయన రొయ్యలే. 'అన్నా, నేను మాట్లాడేదాకా ఇది కాస్త పట్టుకో, కింద పెట్టకు, ఉప్పంటుకుంటుంది' అన్నాను. పట్టుకున్నాడు. అందరి ముందూ కాదనలేడుగా."

"ఆ తర్వాత?"

"పొద్దున ఎన్నింటికి లేస్తానో, వరసలో ఎంతసేపుంటానో, ఎన్ని మెట్లో, ఏ మెట్టు విరిగిందో చెప్పాను. మొదట్లో ఖర్చులన్నీ పోను మూడు బిళ్ళలు మిగిలితే ఏం కొన్నానో చెప్పాను. రత్నకుమారి తాడు పేని ఎంత తెచ్చుకుంటోందో ఆమెనే లేచి చెప్పమన్నాను. ఆసుపత్రి సంగతి ఎత్తలేదు. అది మన గొడవ."

"బుట్ట?"

"ఆయన నెత్తి మీదే ఉంది."

"ఎంతసేపు మాట్లాడావు?"

"మీ అంతసేపు."

నేను పసుపు రాయి మీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది. దిగులు మాత్రం పోలేదు. "చివర ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. దింపమన్నాడు. నీళ్ళడిగాడు."

"ధర గురించి?"

"అడగలేదు. మెడ పట్టేసిన మనిషిని ధర అడిగితే ఏం బావుంటుంది?"

"ఆదెమ్మ?"

"కట్ట అవతల ఏం జరిగిందో నాకేం తెలుసు. ఏదో గొణుగుడు వినపడింది. ఆమెన్ మాత్రం కాదు."

సోమవారం

తాతబ్బాయి కొట్టు తెరవలేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ వీధిలో నడిచాను. రేపు కొత్త గుమస్తా వస్తాడు. మొదటి లెక్కలో ఏడు అని రాస్తే రెండోదీ ఏడే రాస్తాడు. సువార్త కాళ్ళు చూశాను. వేలితో నొక్కితే గుంట పడుతోంది. మోకరించాను గానీ ఏం అడగాలో నోటికి రాలేదు. ధరలో తేడా ఇమ్మని అడగడం నాకింకా అలవాటు కాలేదు.

మంగళవారం

తెల్లారేసరికి గుమ్మంలో దగ్గు వినిపించింది. తాతబ్బాయి, మెడకు తువ్వాలు చుట్టుకుని. తల తిప్పలేక మనిషంతా తిరుగుతున్నాడు. కాళ్ళ దగ్గర గోనె మీద బుట్ట.

"చెల్లెమ్మ లేచిందాండి?"

సువార్త బయటికొచ్చింది. ఆయన నన్ను చూడకుండా ఆమెతోనే మాట్లాడాడు.

"అయిదమ్మా. కిలో అయిదు. నాలుగు మాత్రం ఇవ్వలేను, నాకూ పిల్లలున్నారు. నిన్న ఆదెమ్మతో మాట్లాడేను. ఆవిడ తొమ్మిది పెడతానంది. బియ్యం కూడా అలాగే సర్దుతాం."

ఊరుకోవలసింది. కానీ ముప్పై ఏళ్ళ నోరు. "మరి రాయి?" అన్నాను.

ఆయన బొజ్జతో సహా నా వైపు తిరిగాడు. "కొలత తప్పనని పెట్టేను అయ్యగారూ. తప్పను. పదిహేను కిలోలు నలభై నిమిషాలు నెత్తి మీదుంటే ఎంతో మీ కొలతలో లేదు. మొన్నటిదాకా నా కొలతలోనూ లేదు. ఇప్పుడు కలిపేను. తప్పు కొలతయితే మీరే చెప్పండి."

నేను బుట్ట వంక చూశాను.

ఆయన వెళ్ళిపోయాడు. నాలుగు బిళ్ళల తేడా ఎంతమందిని మళ్ళీ మెట్లెక్కిస్తుందో తెలియదు. అటు ఆదెమ్మ మొగుడు ఒప్పుకుంటాడో లేదో, గణకం ఏమంటుందో తెలియదు. వీధిలో రత్నకుమారి బుట్టతో నిలబడి సువార్తను పిలిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరున్నారు. ఆ వెనక ఎవరైనా వస్తున్నారేమోనని నేను చూస్తున్నాను.

సువార్త తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుంది. రక్తం తీసే చేత్తో బరువు ఎత్తకూడదు. రోజూ ఎవరో పక్కింటివాళ్ళు ఎత్తిపెడతారట. ఎవరో ఏనాడూ అడగలేదు, ఆ వేళకు నేను ప్రార్థనలో ఉంటాను.

"ఎత్తండి" అంది.

బుట్ట అంచులు పట్టుకున్నాను. మొదటి ఊపుకి మోకాలి దాకా వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ ఎత్తి ఆమె తల మీద పెట్టాను. వదలడానికి భయమేసింది.

"వదలండి" అంది. "నాకు అలవాటే."